వివాదాస్పద వక్తను డిబేట్‌కి పిలిచాం: సభ ఆగకుండా, గొడవ లేకుండా జరపాలంటే?

వంశధార (సోమవారం, రాత్రి 9:10)
శ్రీకాకుళం దగ్గర ఒక కళాశాల డిబేట్ సంఘం తరఫున అడుగుతున్నాం. అంశం కొవ్వాడ అణువిద్యుత్ కేంద్రం. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు బయటి వక్తలు. కేంద్రానికి వ్యతిరేకంగా మాట్లాడేవారిలో ఒకాయన నోరు కాస్త దురుసు. పాత వీడియో ముక్కలు వాట్సాప్‌లో తిరుగుతున్నాయి. ఆయనొస్తే సభ జరగనివ్వమని రెండు విద్యార్థి సంఘాలు అంటున్నాయి. ప్రిన్సిపాల్ గారు కాగితం మీద ఏమీ ఇవ్వలేదు, నోటిమాటగా 'ఇప్పుడెందుకు' అన్నారు. హాల్లో 300 కుర్చీలు, చేతిలో 18 రోజులు. తెలిసినవాళ్ళు వివరంగా చెప్పగలరు. 'ధైర్యంగా ఉండండి' లాంటివి ఇప్పటికే చాలామంది చెప్పారు.

గంటస్తంభం (సోమవారం, రాత్రి 9:48)
ముందు తీర్మానం ఏ మాటల్లో రాశారో పెట్టండి. సగం గొడవలు అక్కడే పుడతాయి. 'కొవ్వాడ: వరమా, శాపమా?' అని రాసి ఉంటే ఈ రాత్రికే చించేయండి. దానికి అవుననీ కాదనీ ఓటేయలేరు. ఒక్కో వక్తా తనకు నచ్చిన దారిన పోతాడు, అధ్యక్షుడికి 'అంశానికి రండి' అనే అధికారం కూడా ఉండదు.

ఇలా రాయండి: 'కొవ్వాడలో అణువిద్యుత్ కేంద్ర నిర్మాణాన్ని ప్రభుత్వం విరమించుకోవాలని ఈ సభ భావిస్తోంది.' ఎవరు చేయాలి, ఏం చేయాలి అన్నది ఒక్క వాక్యంలో తేలిపోతుంది. రణస్థలం మండలం భూసేకరణ, పునరావాసం, 1208 మెగావాట్ల యూనిట్లు ఆరు పెట్టాలన్న ప్రతిపాదన, సముద్రంలోకి వదిలే వేడినీరు, మత్స్యకారుల వేట అన్నీ దీని కిందికి వస్తాయి. ఎవరి కులమో, ఎవరు ఎవరి దగ్గర డబ్బు తిన్నారో రావు. వక్త దారి తప్పినప్పుడు అధ్యక్షుడి చేతిలో ఉండే ఆయుధం ఈ వాక్యమే.

టైము: మొదటి ప్రసంగాలు 8 నిమిషాల చొప్పున నాలుగు, అంటే 32. సభికుల్లోంచి పదిమందికి తలా 2 నిమిషాలు, 20. చీటీ ప్రశ్నలకు 20. ఆఖరి ఖండన తలా 3, అంటే 12. మొత్తం 84 నిమిషాలు. రెండుసార్లు ఓటింగ్‌కి ఇంకో 20 వేసుకోండి. ఉదయం పదిన్నరకు మొదలైతే పన్నెండున్నరకు బయటపడొచ్చు. సాయంత్రం మాత్రం పెట్టకండి. పాలకొండ, రాజాం వైపు పిల్లలు బస్సు కోసం మధ్యలో లేచిపోతారు, ఖాళీ కుర్చీల్లో ఎవరొచ్చి కూర్చుంటారో మీకు తెలీదు.

తోటపల్లి (సోమవారం, రాత్రి 10:20)
అసలు ఆయన్నే ఎందుకు పిలవాలి అని ఎవరూ అడగరేం? కొవ్వాడ మీద నిలదీయగలిగినవాళ్ళు బూతులు మాట్లాడనివాళ్ళు కూడా ఉన్నారు. రాజ్యాంగం మాట్లాడే హక్కు ఇచ్చింది గానీ మీ హాల్లో మాట్లాడే హక్కు ఇవ్వలేదు. పిలవకపోవడం నోరు నొక్కడం కాదు.

గంటస్తంభం (సోమవారం, రాత్రి 10:31)
ఒప్పుకుంటాను. పిలిచే ముందైతే మీ మాటే సరైంది, ఎవర్ని పిలవాలన్నది సంఘం ఇష్టం. పిలిచేశాక బెదిరింపుకి భయపడి వద్దంటే లెక్క మారుతుంది. అప్పుడు వక్తని ఎంచుకునేది మీ సంఘం కాదు, గేటు దగ్గర అరిచేవాడు. వచ్చే ఏడాది ఇంకొకరు అరుస్తారు, అరవడం పనిచేస్తుందని ఇప్పుడే చూశారు కదా.

కోర్టుగుమ్మం (సోమవారం, రాత్రి 11:05)
చట్టం వైపు ఏం చూసుకోవాలో రాస్తాను. కొంచెం పొడుగవుతుంది.

రాజ్యాంగం 19(1)(ఎ) కింద ఉన్న మాట్లాడే స్వేచ్ఛకు 19(2)లో రాసిన కారణాల మీదే ఆంక్ష పెట్టొచ్చు. దేశ సార్వభౌమత్వం-సమగ్రత, రాజ్య భద్రత, విదేశాలతో స్నేహసంబంధాలు, శాంతిభద్రతలు, సభ్యత-నైతికత, కోర్టు ధిక్కారం, పరువునష్టం, నేరానికి ప్రేరేపించడం. 'కొందరి మనసు నొచ్చుకుంటుంది' అన్నది ఈ పట్టికలో లేదు. 2015లో సుప్రీంకోర్టు శ్రేయా సింఘాల్ తీర్పు చర్చ, సమర్థన, ప్రేరేపణ అని మూడు మెట్లు చెప్పింది. మొదటి రెండూ ఎంత కటువుగా ఉన్నా చట్టం చెయ్యి వేయదు. మూడో మెట్టెక్కితేనే వేస్తుంది. మీ అధ్యక్షుడికి ఈ మూడు మాటలూ కంఠతా రావాలి.

'గొడవవుతుంది కాబట్టి ఆపండి' అన్నదానికి 1989లో రంగరాజన్ కేసులోనే సుప్రీంకోర్టు జవాబిచ్చింది. నిరసన చేస్తామని ఎవరో బెదిరించారని భావస్వేచ్ఛను అణచకూడదు, అదుపు చేయలేమని చెప్పి ప్రభుత్వం తప్పించుకోకూడదు అంది. మాటకీ ప్రమాదానికీ సంబంధం మందుగుండు పీపాలో నిప్పురవ్వలా దగ్గరగా ఉండాలి.

ఇక పాత ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత. 2024 జులై 1 నుంచి పాత 153ఎ స్థానంలో సెక్షన్ 196, 295ఎ స్థానంలో 299, 505 స్థానంలో 353. వర్గాల మధ్య ద్వేషం రేపడం, కావాలని దురుద్దేశంతో మతభావాలను అవమానించడం, పుకార్లతో జనాన్ని రెచ్చగొట్టడం ఇందులోకి వస్తాయి. ప్రభుత్వ ప్రాజెక్టును తిట్టడం వీటిలో దేనికిందకీ రాదు. ఇంకొకటి, 2025 మార్చి 28న ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో సుప్రీంకోర్టు ఏమందంటే, మాట ప్రభావాన్ని గుండెనిబ్బరం ఉన్న మనిషి కొలతతో చూడాలి, ప్రతి విమర్శలోనూ ప్రమాదం చూసేవాడి కొలతతో కాదు. మూడేళ్ళ నుంచి ఏడేళ్ళలోపు శిక్షపడే ఇలాంటి కేసుల్లో పోలీసులు నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చింది) 173(3) కింద డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేసుకోవడం మంచిదని కూడా చెప్పింది. ఎవరైనా ఫిర్యాదు పెడితే స్టేషన్లో ఈ తీర్పు ప్రతి చూపించండి.

తోటపల్లి (సోమవారం, రాత్రి 11:22)
ఎస్సీ, ఎస్టీ చట్టం వదిలేశారు. పాత వీడియోల్లో ఆయన నోరు జారింది అక్కడే.

కోర్టుగుమ్మం (సోమవారం, రాత్రి 11:40)
సరిగ్గా పట్టుకున్నారు. 1989 చట్టంలో 3(1)(ఆర్), 3(1)(ఎస్): పదిమంది చూసేచోట అవమానించడం, కులం పేరుతో తిట్టడం. హాలు ముమ్మాటికీ పదిమంది చూసేచోటే. 3(1)(యు) కింద ఆ వర్గాల మీద ద్వేషం రేపే మాటలూ నేరమే. సెక్షన్ 18 వల్ల ముందస్తు బెయిలు దాదాపు దొరకదు. ఈ సంగతి వక్తకి ఉత్తరంలో ముందే రాయండి. ఇది ఆయన అభిప్రాయం మీద ఆంక్ష కాదు.

వంశధార (మంగళవారం, ఉదయం 7:15)
చాలా ఉపయోగపడింది. పోలీసు అనుమతి తప్పదా? ఎవరో 'సెక్షన్ 30 ఉంది, మీటింగులు బంద్' అంటున్నారు.

కోర్టుగుమ్మం (మంగళవారం, ఉదయం 8:02)
1861 పోలీసు చట్టం సెక్షన్ 30 బహిరంగ రోడ్లు, వీధుల మీద సభలకీ ఊరేగింపులకీ. నాలుగు గోడల మధ్య, యాజమాన్యం ఒప్పుకున్న హాల్లో డిబేట్‌కి అది అడ్డు కాదు. నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 163 (పాత 144) ఉత్తర్వు ఉంటే మాత్రం దాని ప్రతి తెచ్చి అక్షరం అక్షరం చదవండి. ఏ ప్రాంతం, ఎన్ని రోజులు, ఏం నిషిద్ధం? మామూలుగా రెండు నెలలు దాటకూడదు. 'అమల్లో ఉందట' అన్న మాట మీద సభ రద్దు చేసుకోకండి.

అనుమతి అడగకండి, సమాచారం ఇవ్వండి. స్టేషన్ హౌస్ ఆఫీసర్‌కి ఉత్తరం, డీఎస్పీకి ప్రతి. కనీసం 10 రోజుల ముందు. అంశం, వక్తల పేర్లు, టైము, ఎంతమంది, వచ్చిన బెదిరింపు వివరం, ఎవరు ఫోన్లో దొరుకుతారు. రెండో ప్రతి మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. ముద్ర లేని ఉత్తరం ఇవ్వనట్టే లెక్క.

మైకు సంగతి కూడా. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం విద్యాసంస్థ చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలం కావచ్చు. బయట చెట్టుకి హారన్ కట్టారంటే మీరే తప్పులో పడతారు. పెట్టెలన్నీ హాల్లోనే, తలుపులు మూసి. లౌడ్‌స్పీకరుకి రాతపూర్వక అనుమతి మాత్రం తీసుకోండి, అది ఒక్కటే మీరు నిజంగా అడగాల్సింది.

రెడ్‌పెన్ను (మంగళవారం, ఉదయం 9:30)
'ఆక్స్‌ఫర్డ్‌లో అయితే ఇలా ఉండదు' అని ఎవరో అనేలోపు ఒక మాట. ఆక్స్‌ఫర్డ్ యూనియన్ విశ్వవిద్యాలయంలో భాగం కాదు. 1823లో పుట్టిన విడి డిబేట్ సంఘం, దాని సభ్యులు వేరు, దాని ఇల్లు వేరు. 1933 ఫిబ్రవరి 9న 'రాజు కోసం, దేశం కోసం ఈ సభ ఎట్టి పరిస్థితుల్లోనూ పోరాడదు' అన్న తీర్మానం 275-153తో నెగ్గితే దేశమంతా గగ్గోలు పుట్టింది. అయినా ఆ ఇల్లు మూతపడలేదు. అక్కడా అన్నీ సాఫీగా జరగవు. 2007 నవంబరులో తీవ్ర మితవాద నాయకుడు నిక్ గ్రిఫిన్‌ని, యూదుల ఊచకోతను కాదనే రచయిత డేవిడ్ ఇర్వింగ్‌ని పిలిస్తే నిరసనకారులు లోపలికొచ్చి కూర్చున్నారు. సభ ఆలస్యమైంది, చివరికి ఇద్దర్నీ వేర్వేరు గదుల్లో మాట్లాడించారు. ద్వారం దగ్గర లెక్క తప్పితే ఎంత పాత సంఘానికైనా అంతే.

ఇంగ్లండులో విశ్వవిద్యాలయాల్లో భావస్వేచ్ఛ మీద తెచ్చిన 2023 చట్టం ప్రధాన బాధ్యతలు 2025 ఆగస్టు 1న అమల్లోకి వచ్చాయి. అందులో మనకు పనికొచ్చే ముక్క ఒకటుంది: అసాధారణ పరిస్థితుల్లో తప్ప బందోబస్తు ఖర్చు సభ పెట్టుకున్నవాళ్ళ నెత్తిన వేయకూడదు. అమెరికాలో కూడా 1992లో ఫోర్సైత్ కౌంటీ కేసులో, జనం ఎంత మండిపడతారన్నదాన్ని బట్టి రుసుము పెంచడం చెల్లదన్నారు. ఎక్కువ తిట్టించుకునేవాడు ఎక్కువ కట్టాలంటే, రుసుము ఎంతుండాలో తిట్టేవాళ్ళే తేల్చినట్టవుతుంది. మన కళాశాలలకి ఆ చట్టాలు వర్తించవు. అయినా 'సెక్యూరిటీ డిపాజిట్ కట్టండి' అని మీ ఆఫీసు అడిగితే ఈ తర్కం చెప్పొచ్చు.

మైకుసెట్టు (మంగళవారం, మధ్యాహ్నం 1:05)
సెక్షన్లు అయ్యాయా? ఇప్పుడు హాలు సంగతి సెప్తాను, అసలు పని ఇక్కడుంది.

ఒకటి, తిరిగే మైకు ఎవరి చేతికీ ఇవ్వకండి. వాలంటీరు పట్టుకుంటాడు, అడిగేవాడు మాట్లాడతాడు. చేతికిస్తే లాక్కోవడం మన వల్ల కాదు, లాక్కున్న వీడియో మీ మీదే తిరుగుతాది. రెండు, మిక్సరు దగ్గర కూర్చున్నవాడు ఒక్కరి మాటే వినాలి, అధ్యక్షుడిది. వెనక నుంచి లెక్చరరు గారు సైగ చేసినా, ఇంకెవరు అరిచినా చెయ్యి కదపకూడదు. వక్త మైకు తగ్గించేది టైము అయినప్పుడే, ఏం మాట్లాడేడన్నదానికి కాదు. 7 నిమిషాలకి ఒక గంట, 8కి రెండు గంటలు, 8:20కి మైకు తగ్గు. నలుగురికీ ఒకటే కొలత. ఒకడికి 9 ఇచ్చేరంటే గొడవకి మీరే కారణం.

మూడు, కరెంటు. జనరేటరు అందుకోడానికి కొన్ని సెకండ్లు పడతాది. ఆ చీకట్లోనే గుడ్డు ఎగురుతాది. మిక్సరు, యాంప్లిఫయరు, వేదిక మీద రెండు లైట్లు యూపీఎస్ మీద పెట్టండి, తలుపుల దగ్గర ఛార్జింగు లైటు ఒక్కోటి. కార్డ్‌లెస్ మైకుల్లో కొత్త బ్యాటరీలు, జేబులో ఇంకో జత. సభ మధ్యలో మైకు గరగరమంటే 'కావాలని కోసేరు' అంటారు, ఎవరూ నమ్మరు.

నాలుగు, కుర్చీలు 300 అంటే పాసులు 270. మిగతా 30 వాలంటీర్లకి, అతిథులకి, నడిచే దారికి. పాసు మీద నంబరు, కుర్చీ మీద అదే నంబరు. నిలబడి చూడ్డం లేదు. నిలబడ్డవాడు కదుల్తాడు, కదిలేవాడు తోస్తాడు.

వంశధార (మంగళవారం, రాత్రి 8:40)
మరి నిరసన చేసేవాళ్ళని ఏం చేయాలి? పాసులు ఇవ్వొద్దా?

తోటపల్లి (మంగళవారం, రాత్రి 9:02)
ఇవ్వాలి. ఇవ్వకపోతే నేనే బయట కూర్చుంటాను.

గంటస్తంభం (మంగళవారం, రాత్రి 9:25)
తప్పకుండా ఇవ్వాలి. పాసులు రెండు రోజుల ముందు, వరస ప్రకారం, గుర్తింపు కార్డు చూసి. ఏ సంఘమని అడగకండి. నల్ల బ్యాడ్జీ, నల్ల చొక్కా, కాగితం మీద నినాదం, లేచి నిశ్శబ్దంగా బయటికి నడవడం, వక్త మాట్లాడేంతసేపూ వీపు తిప్పి కూర్చోవడం అన్నీ వాళ్ళ మాటలే. కర్రకు కట్టిన జెండా, సిరా సీసా, గుడ్డు, విజిలు వద్దు. సంచి సోదా అందరికీ. ప్లకార్డు ఎ4 కాగితం దాటకూడదు, పక్క వరసల్లో పట్టుకోవాలి, వెనకవాళ్ళకి వేదిక కనబడాలి.

ఒకసారి 'ఛీ' అంటే పట్టించుకోకండి, డిబేట్‌లో అది మామూలే. వరసగా అరిచి మాట వినబడకుండా చేస్తే మూడు మెట్లు. మొదటిసారి అధ్యక్షుడు గడియారం ఆపి, 'మీకు సభికుల టైములో 2 నిమిషాలు ముందే ఇస్తాను, ఇప్పుడు కూర్చోండి' అంటాడు. అరిచినవాళ్ళలో సగంమంది అక్కడే కూర్చుంటారు, ఎందుకంటే వాళ్ళకు కావలసింది మైకే. రెండోసారి హెచ్చరిక, కుర్చీ నంబరుతో. మూడోసారి బయటికి. తీసుకెళ్ళేది అధ్యాపకులు ఇద్దరు, చెయ్యి వేయకుండా. అరిచినవాళ్ళు కదలకపోతే సభ 10 నిమిషాలు ఆగుతుంది, పోలీసులు వచ్చేది అప్పుడే. అప్పటిదాకా వాళ్ళు హాలు బయట, యూనిఫారం వేదికకు కనబడనంత దూరంలో. కోల్పోయిన నిమిషాలు వక్తకి తిరిగి కలపాలి. కలపకపోతే అరిచినవాడు నెగ్గినట్టే.

అధ్యక్షుడి కుర్చీలో అంశం మీద నోరు విప్పని మనిషి ఉండాలి. ఇది కుదరకే సభలు చెడతాయి.

రెడ్‌పెన్ను (మంగళవారం, రాత్రి 9:50)
పక్క మాటే గానీ, ఇది మన దగ్గర కొత్త విద్య కాదు. 1889లో విజయనగరం ఆనందగజపతి డిబేటింగ్ క్లబ్బుకి ఉపాధ్యక్షుడు గురజాడ. పర్వతాలపేటలో పుట్టిన గిడుగు 1925లో తణుకు సభలో, వ్యావహారికం గిట్టనివాళ్ళ మధ్య, నాలుగు గంటలు మాట్లాడారు. ఆ సభికులకు ఆయన మాట ఈ కొవ్వాడ కన్నా తక్కువ మంట పుట్టించిందనుకోను.

మైకుసెట్టు (మంగళవారం, రాత్రి 9:58)
నాలుగ్గంటలా! గంట కొట్టేవాడు లేడేటి?

వంశధార (బుధవారం, ఉదయం 7:30)
ఓటింగు ఎలా? చేతులెత్తిస్తే చాలా?

గంటస్తంభం (బుధవారం, ఉదయం 8:10)
చేతులెత్తించకండి. పక్కవాడు చూస్తుంటే చెయ్యి వేరేలా లేస్తుంది. పాసుకే రెండు చీటీలు అతికించండి, ఒకటి తెల్లది, ఒకటి పచ్చది, రెంటి మీదా ఒకే నంబరు. మొదలయ్యే ముందు తెల్లది పెట్టెలో, చివర పచ్చది. తీర్మానానికి అనుకూలం, వ్యతిరేకం, తేల్చుకోలేదు అని మూడు గళ్ళు. రెండూ వేసినవాళ్ళవే లెక్క. మధ్యలో లేచిపోయినవాళ్ళ తెల్ల చీటీ పక్కన పెట్టాలి.

గెలుపు మార్పుని బట్టి. ఉదాహరణకి లెక్కకొచ్చిన చీటీలు 200. ముందు అనుకూలం 110, వ్యతిరేకం 40, తేల్చనివి 50. తర్వాత 115, 70, 15. అనుకూలం 5 పెరిగింది, వ్యతిరేకం 30. నెగ్గింది వ్యతిరేక పక్షం, హాల్లో ఎక్కువమంది ఇంకా అనుకూలం వైపే ఉన్నా సరే. బస్సుల్లో మనుషుల్ని దింపేవాడికి ఈ పద్ధతిలో లాభం తక్కువ. ఈ లెక్క ముందే చదివి వినిపించండి, ఫలితం వచ్చాక చెబితే మోసమంటారు.

కోర్టుగుమ్మం (బుధవారం, ఉదయం 10:45)
వక్తకి ఉత్తరం గురించి. తీర్మానం పూర్తి వాక్యం, ఎటువైపు, 8+3 నిమిషాలు, ఎదుటి వక్తల పేర్లు, రికార్డింగుకి ఒప్పుకోలు, సభికుల్లో ఎవరినీ పేరు పెట్టి వేలెత్తి చూపకూడదన్న షరతు. సంతకంతో తిరిగి రావాలి. 'ప్రభుత్వాన్ని విమర్శించను' లాంటి హామీ రాయించుకోకండి. రాయించుకున్నారంటే అది డిబేట్ కాదు.

రికార్డింగు: రెండు కెమెరాలు, కదలకుండా, మొదటి నమస్కారం నుంచి ఆఖరి వరకు. ఒకటి వేదిక, ఒకటి వెనక నుంచి మొత్తం హాలు. అదే సాయంత్రం వేదిక వీడియో కత్తిరించకుండా పెట్టేయండి. 20 సెకన్ల ముక్కకి జవాబు పూర్తి వీడియోనే. అసలు మెమరీ కార్డులు కవర్లో పెట్టి సీలు వేసి, తేదీ, సంతకాలు. కోర్టుకి వెళ్ళాల్సి వస్తే సాక్ష్య అధినియం (సాక్ష్యాల కొత్త చట్టం) సెక్షన్ 63 ధ్రువపత్రంలో హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే అంకెల, అక్షరాల గుర్తు) అడుగుతారు, ఆ రోజే తీసి రాసి పెట్టుకోండి. ట్రిపుల్ ఐటీ పీయూసీ పిల్లలు వస్తే 18 నిండనివాళ్ళుంటారు. హాలు వీడియో బయటపెట్టకండి.

ప్రిన్సిపాల్ గారి విషయం: 'ఫలానా తేదీన మౌఖికంగా చెప్పినట్టు మేము అర్థం చేసుకున్నది ఇది, కారణం రాతపూర్వకంగా తెలపగలరు' అని మర్యాదగా ఒక పేజీ. చాలాసార్లు ఆ కాగితం చూశాకే 'సరే, జాగ్రత్తగా చేసుకోండి' వస్తుంది, ఎందుకంటే కాదనడానికి సంతకం పెట్టాలి. ప్రభుత్వ విశ్వవిద్యాలయమైతే కారణం లేని తిరస్కరణ మీద రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టుకి వెళ్ళొచ్చు. ప్రైవేటు కళాశాలకి ఆ దారి అంత తేలిక కాదు. సమాచార హక్కు దరఖాస్తుకి 30 రోజులు, మీ సభకి అందదు.

తోటపల్లి (బుధవారం, మధ్యాహ్నం 12:15)
చీటీ ప్రశ్నలు ఎవరు వడపోస్తారు? అసలు సెన్సారు అక్కడ జరుగుతుంది.

గంటస్తంభం (బుధవారం, మధ్యాహ్నం 12:50)
నిజమే. ముగ్గురు: అటు పక్షం నుంచి ఒకరు, ఇటు నుంచి ఒకరు, ఒక అధ్యాపకుడు. తీసేయడానికి మూడే కారణాలు: అంశంతో సంబంధం లేదు, ప్రశ్న లేదు, వ్యక్తి మీద దూషణ. తీసేసిన చీటీ వెనక కారణం రాసి దాచాలి. మిగిలినవి అటొకటి ఇటొకటి. కొవ్వాడ, రణస్థలం వైపు ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళకి సభికుల పది అవకాశాల్లో మూడు ముందే పక్కన పెట్టండి. భూమి పోయేవాళ్ళు చీటీ రాసి వరసలో కూర్చోవడం బాగోదు.

తోటపల్లి (బుధవారం, మధ్యాహ్నం 1:04)
అలాగైతే వస్తాను. నల్ల బ్యాడ్జీతోనే.

వంశధార (బుధవారం, రాత్రి 9:15)
ప్రిన్సిపాల్ గారికి కాగితం రేపు ఉదయం ఇస్తున్నాం, స్టేషనుకి ఎల్లుండి. ఆఖరి సందేహం: ఒకవేళ ఆపాల్సి వస్తే?

కోర్టుగుమ్మం (బుధవారం, రాత్రి 9:40)
'రద్దు' అన్న మాట వాడకండి. 'వాయిదా, ఫలానా తేదీకి' అని కారణంతో, సంతకంతో. నిర్ణయించే ముగ్గురి పేర్లు ఇప్పుడే రాసుకోండి. ఆ ఉదయం ఫోన్లలో తేల్చుకుందామంటే ఎవడు గట్టిగా మాట్లాడితే వాడిదే నిర్ణయం అవుతుంది. హాలు దొరక్కపోతే అదే నలుగురు, అదే టైము, ఆన్‌లైన్లో. లింకు ముందే తయారుగా ఉండాలి.

మైకుసెట్టు (బుధవారం, రాత్రి 9:52)
అయిపోయేక వక్తల్ని ముందు గుమ్మం నుంచి పంపకండి. జనం ముందు గుమ్మం నుంచి, వక్తలు వెనక నుంచి, పది నిమిషాలు తేడా. రెండు పక్షాలకీ రెండు బళ్ళు, రెండు దారులు. వెనక తలుపు తాళం ముందు రోజే తీసి చూసుకోండి, తుప్పు పట్టి ఉంటాది.

వంశధార (బుధవారం, రాత్రి 10:01)
వాచ్‌మెన్‌కి ఇప్పుడే ఫోన్ చేశాం. తాళంచెవి ఎక్కడుందో వెతుకుతున్నాడు.